ఎవరి చెల్లెలికైనా అదే లెక్క

మా ఆసుపత్రి వెనక ఒక పాత భవనం ఉంది. అందులో రెండో అంతస్తులో, లిఫ్టు పక్క గదిలో ఆమె కూర్చునేది. ఇప్పటికీ అక్కడే కూర్చుంటుందట. రిటైరై ఇంటికొచ్చేసింది నేనే. ఆ గదికి కిటికీ అయితే ఉంది కానీ, తెరిస్తే జనరేటర్ పొగ లోపలికొస్తుంది. అందుకని పట్టపగలు కూడా ట్యూబులైటు వెలుగుతూనే ఉండేది. గోడకి ఇవతల నా గది. నా గదిలో ఒక మెషీను, దాని మొరాయింపులు, దాన్ని బతిమాలుకుంటూ నేను.

రోగుల రక్తం సన్నటి గొట్టాల్లో నా దగ్గరికి వచ్చేది. ఆ రక్తంలో ఏ జీన్ జోరుగా పనిచేస్తోందో, ఏది మందకొడిగా ఉందో మెషీను చదివేది. మనిషికి ఇరవై వేల జీన్లు, అంటే తలకి ఇరవై వేల అంకెలు. వాటిని గోడ అవతల ఆమె కంప్యూటర్లోకి పంపేసి నేను చేతులు దులుపుకునేవాణ్ని. ఆమె తంటాలు అక్కడ మొదలయ్యేవి.

ఆమెది స్టాటిస్టిక్స్. ఆసుపత్రిలో అందరూ చాటుగా 'జల్లెడ' అనేవారు. మొహం మీదే అన్నవాణ్ని నేనొక్కణ్నే. "రావమ్మా జల్లెడా, టీ చల్లారిపోతోంది" అని గోడ మీద కొడితే నవ్వుకుంటూ వచ్చేది. నన్ను బాబాయ్ అనేది. మా మధ్య చుట్టరికం ఏమీ లేదు. ఏళ్ల తరబడి పక్కపక్క గదుల్లో మగ్గితే అలాంటి వరసలు వాటంతటవే కలుస్తాయి.

ఆ పేరు ఊరికే రాలేదు. డాక్టర్లు ఏదో ఒక జీన్ పట్టుకుని, జబ్బు గుట్టు దొరికిపోయిందని సంబరంగా ఆమె గదిలోకి వెళ్లేవారు. కాసేపటికి మొహం వేలాడేసుకుని బయటికొచ్చేవారు. నాకు మొదట్లో ఒళ్లు మండేది. నా మెషీను చెప్పిన మాట కొట్టెయ్యడానికి ఈవిడెవరని ఒకరోజు టీ దగ్గర అడిగేశాను.

"మెషీన్‌ది తప్పు కాదు బాబాయ్," అంది. "ఇరవై వేల మందిని మైదానంలో నిలబెట్టి తలా పదిసార్లు నాణెం ఎగరెయ్యమన్నావనుకో. పదికి పదీ బొమ్మే పడినవాళ్లు ఓ ఇరవై మంది తేలతారు. వాళ్ల చేతిలో మహిమ ఉందంటావా?"

"ఎందుకంటాను?"

"డాక్టర్లు అంటారు. వాళ్లని అననివ్వకపోవడమే నా ఉద్యోగం."

ఆమె అన్నిటినీ కొట్టిపారేసే రకమేం కాదు. జల్లెడలో నిలిచినవాటిని జాబితా వేసి ఇచ్చేది. ఇచ్చేటప్పుడు మాత్రం ఒక మాట తప్పకుండా చెప్పేది. ఇందులో నూటికి పది దాకా అబద్ధపు జీన్లు దూరి ఉండొచ్చు, అంతకు మించకుండా చూసే పూచీ నాది, అని. "ఆ పదీ ఏవి?" అని డాక్టర్లు ఆశగా అడిగేవారు. "అది నాకు తెలిస్తే తీసేసే ఇచ్చేదాన్ని కదండీ," అనేది. ఆ జవాబు విన్న డాక్టర్ల మొహాలు చూడ్డానికి నేను పని మానుకుని మరీ గుమ్మంలో నిలబడేవాణ్ని.

ఆమెకి ఉన్నది ఒక్కగానొక్క చెల్లెలు. తల్లి పోయాక ఆ పిల్లని ఈమే పెంచింది, చదివించింది, పెళ్లి చేసింది. చెల్లెలికి ఆసుపత్రికి రెండు వీధుల అవతల ఒక చిన్న బ్యూటీ పార్లర్ ఉండేది. చెల్లెలి భర్త ఫ్రిజ్‌లు రిపేరు చేసేవాడు. మాటల పుట్ట ఆ పిల్ల. మధ్యాహ్నం పార్లర్‌కి తాళం వేసి అక్కతో కలిసి తినడానికి డబ్బా పట్టుకుని వచ్చిందంటే మా అంతస్తు అంతా కళకళలాడేది. "మా అక్కకి మొగుడు ఎందుకు దొరకలేదో తెలుసా బాబాయ్ గారూ? వచ్చినవాణ్ని వచ్చినట్టు జల్లెడ పట్టింది. ఒక్కడూ నిలవలేదు," అనేది. అక్క జుట్టు కత్తిరించేది కూడా తనే. తిన్నాక కుర్చీ వెనక నిలబడి, మెడ చుట్టూ తువ్వాలు చుట్టి, ఎడాపెడా మాట్లాడుతూ కత్తిరించేది.

ముందు ఆ మాటలే తగ్గాయి. ఒక వాక్యం మధ్యలో ఆగి ఊపిరి పీల్చుకునేది. తర్వాత ఒకే వాక్యంలో రెండుసార్లు ఆగాల్సి వచ్చేది. మెట్లు వదిలేసి లిఫ్టు ఎక్కడం మొదలుపెట్టింది. ఊపిరితిత్తులు మెల్లమెల్లగా గట్టిపడిపోయే జబ్బు అన్నారు. మందు లేదన్నారు. మా ఆసుపత్రిలో ఆ వార్డు చూసే పెద్ద డాక్టరు ఆ మాట చెప్పేటప్పుడు కళ్లు దించుకున్నాడని జల్లెడ నాతో అంది. ఆ మాటంటూనే లేచి తన గదికి వెళ్లిపోయింది. టీ కూడా తాగలేదు.

ఈ పెద్ద డాక్టరు చెడ్డవాడని నేననను. తన వార్డులో మంచాలు ఎలా ఖాళీ అవుతున్నాయో చూసి చూసి సగమైపోయిన మనిషి. ఆయన ఆ జబ్బున్న ముప్ఫై మంది రక్తం, ఏ జబ్బూ లేని ముప్ఫై మంది రక్తం తెప్పించి నాకిచ్చాడు. రోగుల్లో చెల్లెలు కూడా ఒకతి. ఆయనకి ఒక జీన్ మీద గురి ఉంది. అది ఈ రోగుల్లో మితిమీరి పనిచేస్తోందని ఆయన నమ్మకం. దాన్ని అణిచే మందు వేరే జబ్బుకి ఎప్పటినుంచో వాడుకలో ఉంది. ఆ జీన్ సంగతి అంకెల్లో తేలితే, ఆ మందుని వార్డులో ఇచ్చి చూడ్డానికి ఎథిక్స్ కమిటీ ఒప్పుకుంటుంది. కమిటీకి కావలసింది జల్లెడ సంతకం.

తన చెల్లెలి రక్తం అందులో ఉందని ఆమె ముందే చెప్పింది. ఈ పని వేరేవాళ్లకి ఇవ్వమంది. ఇవ్వడానికి ఇంకెవరున్నారని ఆయన నవ్వాడు. నిజమే, అప్పట్లో ఆ పని తెలిసినవాళ్లు మా ఆసుపత్రిలో ఇంకొకరు లేరు.

మెషీను నాలుగైదు సార్లు మొరాయించి, చివరికి అంకెలిచ్చింది. ఆమె ఇరవై వేల జీన్లనూ జల్లెడ పట్టింది. ఒక్కటీ నిలవలేదు. పెద్ద డాక్టరు గారి జీన్ అన్నిటికంటే ముందున్న మాట నిజమే కానీ, నమ్మడానికి ఆమె గీసుకున్న గీత దాటలేకపోయింది. అన్ని వేల జీన్లని వెతికినప్పుడు ఆ మాత్రం తేడా ఊరికే కూడా కనిపిస్తుందని తేలింది.

ఆ మధ్యాహ్నం ఆయన ఆమె గదికి వచ్చాడు. తలుపు తెరిచే ఉంది కాబట్టి నాకంతా వినిపించింది.

"ఇరవై వేలతో పనేముందమ్మా? ముందు రోగులకీ జబ్బులేనివాళ్లకీ తేడా బాగా కనిపిస్తున్న నాలుగు వందలు ఏరుకుందాం. మిగతావి పక్కన పడేద్దాం. జల్లెడ ఆ నాలుగు వందలకే పట్టు. అప్పుడు మన జీన్ నిలుస్తుంది."

ఆమె తెర మీది అంకెల వైపు తిరిగింది.

"నిన్న ఇంకొకాయన పోయాడు. ఆయన మంచం మీదికి ఈ పూట ఇంకొకరొచ్చారు. నీ చెల్లెలు ఎన్నాళ్లు తిరగగలదనుకుంటున్నావు?"

"చేసి చూస్తానండీ," అంది.

చేసింది. నేను గుమ్మంలోనే ఉన్నాను. తెర మీద యాభై పైచిలుకు జీన్ల జాబితా వచ్చింది, అన్నిటికంటే పైన ఆయన జీన్. ఆమె మొహం ఒక్కసారిగా విప్పారింది. "బాబాయ్, నిలిచింది!" అంది, చిన్నపిల్లలా. అన్నేళ్లలో ఆమె మొహంలో అంత వెలుగు నేను చూడలేదు. నాకూ ప్రాణం లేచొచ్చింది. టీ తెస్తానని కిందికి వెళ్లాను.

టీ పట్టుకుని పైకొచ్చేసరికి ఆ వెలుగు పోయింది. నేను లేనప్పుడు ఆమె ఒక పని చేసింది. అరవై మందికీ ఉన్న 'రోగి', 'జబ్బులేనివాడు' అనే గుర్తులు తీసేసి, కళ్లు మూసుకుని ఎవరికి పడితే వాళ్లకి అంటించింది. ఇప్పుడు రెండు గుంపులూ కలగాపులగమే కాబట్టి జబ్బు ఊసే ఉండకూడదు, జల్లెడలో ఏదీ నిలవకూడదు. అదే దారిలో ముందు నాలుగు వందలు ఏరి, తర్వాత జల్లెడ పట్టింది. మళ్లీ యాభై దాకా నిలిచాయి. ఇంకోసారి గుర్తులు కలిపింది. ఈసారి వేరే యాభై. వాటి పక్కనున్న అంకెల్లో మాత్రం అదే ధీమా.

"బొరుసు పడినవాళ్లని ముందే ఇళ్లకి పంపేశాం బాబాయ్," అంది నెమ్మదిగా. "ఇక మిగిలినవాళ్లందరికీ మహిమ ఉన్నట్టే కనిపిస్తుంది."

నాకు అర్థమైంది. అర్థమైనా కోపం ఆగలేదు. "అయితే ఏంటి? సంతకం పెట్టేసెయ్. ఎవడు చూస్తాడు? ఏమో, ఆ మందు పనిచేస్తుందేమో, ఎవరికి తెలుసు?"

"తెలీదు. పనిచేయదని నేననట్లేదు. పనిచేస్తుందనడానికి మన దగ్గరేం లేదంటున్నాను." ఆమె టీ గ్లాసు వైపు చూడను కూడా చూడలేదు. "ఆ మందు లివర్ని తినేస్తుంది బాబాయ్. ముప్ఫై మందికి పోస్తారు. అందులో నా చెల్లెలు ఒక్కతే. మిగతావాళ్లు నాకేమీ కారు కదా అని పెట్టేయనా?"

నేనైతే పెట్టేవాణ్ని. ఇప్పుడు అడిగినా అదే చెబుతాను. సొంత చెల్లెలు కళ్లెదుట ఊపిరాడక కొట్టుకుంటుంటే నాకు మిగతా ఇరవై తొమ్మిది మందీ గుర్తుకు రారు. అలాంటి మనిషిని కాబట్టే నేను మెషీను దగ్గర ఉండిపోయాను, ఆమె ఆ కుర్చీలో ఉంది.

ఆ కలగాపులగపు జాబితాలన్నీ తీసుకెళ్లి ఆమె పెద్ద డాక్టరు ముందు పెట్టింది. ఆయన చాలాసేపు చూశాడట. "నాకు తెలుసమ్మా. తెలిసే అడిగాను," అన్నాడట. వేరే ఆసుపత్రితో కలిసి, ఇంకా చాలామంది రోగులతో మళ్లీ మొదటినుంచి చేద్దామని ఆయనే అన్నాడు. అది తేలేసరికి చెల్లెలు ఉండదని ఇద్దరికీ తెలుసు. ఆ మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు.

చెల్లెలికి ఎవరి ద్వారానో తెలియకూడదని, తనే చెబుతానని ఆమె పట్టుబట్టింది. ఆ వారమే చెల్లెలు పరీక్షలకి వచ్చి, అవి అయ్యాక పైకొచ్చింది. ముక్కుకి గొట్టం, చక్రాల మీద సిలిండరు, దాన్ని లాక్కుంటూ వెనక భర్త. నేను కుర్చీ తెచ్చి వేసి వెళ్లిపోబోతుంటే, "ఉండండి బాబాయ్ గారూ, మీరు పరాయివాళ్లా," అంది. ఆ నాలుగు ముక్కలకే రొప్పింది.

జల్లెడ చెప్పాల్సిందంతా చెప్పింది. నాణేల కథ చెప్పింది, గుర్తులు కలిపిన సంగతి చెప్పింది. ఆమె గొంతు వణకలేదు. అదే నాకు చూడ్డానికి కష్టమైంది. డాక్టర్లకి చెప్పినట్టే చెప్పింది.

చెల్లెలు అంతా విని, "అయితే... సంతకం పెట్టవు," అంది.

"పెట్టలేనే."

"నేనడిగినా?"

"నువ్వడిగినా."

చెల్లెలు కాసేపు గాలి పీల్చుకుంది. "ఒక్కటడుగుతాను. ఇది వేరేవాళ్ల చెల్లెలైనా... ఇదే చెప్పేదానివా?"

తనని తాను సమర్థించుకోవడానికి దారి దొరికిందనుకుంది పాపం జల్లెడ. "ఎవరి చెల్లెలికైనా ఇదే చెప్పేదాన్ని. ప్రమాణం చేసి చెబుతున్నా," అంది ఆత్రంగా.

"అదే అక్కా నా బాధ," అంది చెల్లెలు. లేచి, భర్త భుజం పట్టుకుని, లిఫ్టు దాకా నడిచి వెళ్లిపోయింది. సిలిండరు చక్రం ఒకటి కీచుమంటూ ఉంది. నూనె వేస్తానని వెంటపడ్డాను గానీ లిఫ్టు తలుపులు అప్పటికే మూసుకున్నాయి.

ఆ తర్వాత చెల్లెలు అరవలేదు, దెప్పలేదు. అరిచినా బాగుండేది. అక్క ఇంటికెళితే మర్యాదగా కూర్చోమనేది, టీ పెట్టమని భర్తకి చెప్పేది, ఆసుపత్రిలో పని ఎలా ఉందని అడిగేది. దారిన పోతూ పలకరించడానికొచ్చిన పక్కింటావిడతో మాట్లాడినట్టు మాట్లాడేది. జల్లెడ రోజూ వెళ్లేది. రోజూ ఆ మర్యాద మింగి వచ్చేది. జుట్టు పెరిగిపోయి కళ్ల మీద పడుతుంటే రబ్బరు బ్యాండు వేసుకునేది. ఇంకెక్కడికీ వెళ్లి కత్తిరించుకోలేదు. "అలా అఘోరించే బదులు ఏదో ఒకటి చేసుకోరాదూ?" అని ఒకసారి కసిరాను. నా వైపు చూసిన చూపుకి నోరు మూసుకున్నాను.

చెల్లెలు మా ఆసుపత్రిలోనే పోయింది, ఆ పెద్ద డాక్టరు వార్డులోనే. కబురు తెలిసి నేను వెళ్లేసరికి భర్త మంచం పక్కన ఉన్నాడు. జల్లెడ తలుపు దగ్గరే ఉంది. లోపలికి వెళ్లమని చెప్పాను. "పిలవలేదు బాబాయ్," అంది. చివరి రెండు రోజులూ ఆ పిల్లకి మాట్లాడే ఓపిక లేదు, ఎవర్నీ పిలవలేదు. ఆ సంగతి చెప్పినా ఈమె వినలేదు. భుజం పట్టుకుని నేనే లోపలికి తోశాను.

తర్వాత చాలాకాలానికి ఆ రెండు ఆసుపత్రుల పని పూర్తయింది. రక్తం చదివింది నా మెషీనే. అంకెలు మాత్రం ఆమె ముట్టుకోనంది. అవి అవతలి ఆసుపత్రివాళ్ల దగ్గరికి వెళ్లాయి. రోగులూ జబ్బులేనివాళ్లూ కలిపి వందల మంది. పెద్ద డాక్టరు గారి జీన్ ఈసారి గీత దగ్గరికి కూడా రాలేదు. రెండు గుంపుల్లోనూ ఒకేలా ఉంది. ఆ జీన్ ఈ రోగుల్లో మామూలుగానే ఉన్నప్పుడు, ఆ మందు అణచడానికి ఏమీ లేదు. మన ముప్ఫై మందికీ ఇచ్చి ఉంటే లివర్లు పాడవడం తప్ప ఒరిగేదేమీ లేకపోయేది.

ఆ కబురు చెప్పడానికి పెద్ద డాక్టరు తన కింద పనిచేసేవాళ్లందరినీ వెంటబెట్టుకుని మా అంతస్తుకి వచ్చాడు. "అందరి ముందూ చెబుతున్నాను. ఆ రోజు ఈవిడే లేకపోతే నేను పెద్ద తప్పు చేసి ఉండేవాణ్ని," అన్నాడు. ఆ మాటకి ఎవడో బుద్ధిలేనివాడు చప్పట్లు మొదలుపెట్టాడు. మిగతావాళ్లూ కొట్టారు. నాకు వాళ్లందరినీ మెట్ల మీంచి తోసేద్దామన్నంత కోపం వచ్చింది. ఆమె లేచి నిలబడి, వాళ్లు ఆపేదాకా ఆగి, "థాంక్సండీ," అంది.

వాళ్లు వెళ్లాక నా గదికి వచ్చింది. "మా మరిదికి చెప్పాలి బాబాయ్. తోడొస్తావా?" అంది. ఒక్క మాట కోసం ఇన్నాళ్లూ కాచుకుని ఉందని నాకర్థమైంది. మందు ఇచ్చినా బతికేది కాదని వాళ్లకి చెప్పగలిగితే చాలు, నువ్వు నీ చెల్లెల్ని చంపుకోలేదని ఎవరైనా ఒకరు అంటే చాలు. నడుస్తున్నంతసేపూ ఏ మాట తర్వాత ఏ మాట చెప్పాలో తనలో తను అనుకుంటూనే ఉంది.

పార్లర్ ముందుభాగం అతను రిపేరు షాపుగా మార్చాడు. అద్దం అలాగే ఉంది, కుర్చీలు అలాగే ఉన్నాయి. వాటి మధ్య తలుపులు ఊడదీసిన ఫ్రిజ్‌లు. మమ్మల్ని చూసి చేతులు తుడుచుకుని, "రండి వదినా, రండి," అన్నాడు. ఆమె కూర్చోలేదు. నిలబడే అంతా చెప్పింది. ఎంతమంది రక్తం చూశారో, ఏం తేలిందో, అంతా.

"అంటే ఆ మందు ఇచ్చినా లాభం లేకపోయేది," అంది చివరికి. "ఇంకా తొందరగా పోయేదేమో కూడా."

అతను తల ఊపాడు. చేతిలో స్క్రూడ్రైవరు కుర్చీ మీద పెట్టాడు. "మందు మీద దానికి మాత్రం ఆశ ఎక్కడుంది వదినా? లివర్ సంగతి డాక్టరు ముందే చెప్పాడు. మాకొద్దని ముందే అనుకున్నాం."

"వద్దనుకున్నారా?" అంది. "మరి నన్నెందుకడిగింది?"

అతను చెప్పాలా వద్దా అని తటపటాయించాడు. నేను కళ్లతోనే వద్దన్నాను. అతను చూడలేదు.

"ఆ రోజు మీ గదిలోంచి వచ్చాక లిఫ్టులో చెప్పింది. 'మా అక్క నా కోసం ఒక్క అబద్ధం ఆడుతుందేమో చూద్దామనుకున్నాను. సంతకం పెట్టి ఉంటే, ఆ కాగితం నేనే చింపేసి, మందు వద్దని చెప్పేదాన్ని' అంది." అతను చేతులు మళ్లీ తుడుచుకున్నాడు. "మీకు చెప్పొద్దంది. నేనే ఆగలేకపోయాను."

నాకు నిలబడ్డచోటే ఏడుపొచ్చేసింది. ఎంత ముసలివాణ్నైనా సిగ్గుపడలేదు. ఆమె మాత్రం కదలకుండా అద్దంలోకి చూస్తూ ఉండిపోయింది. ఆమె మనసులో ఆ గది, ఆ కుర్చీ, చెల్లెలు అడిగిన ప్రశ్న మళ్లీ నడుస్తున్నాయని నాకు తెలుస్తోంది. ఈసారి జవాబు మార్చుకుంటుందేమోనని ఈ ముసలి ప్రాణంతో ఎదురుచూశాను. మార్చుకుని ఉంటే బాగుండేది. కనీసం అబద్ధానికైనా.

"తెలిసినా పెట్టేదాన్ని కాదు," అంది.

"దానికీ తెలుసు వదినా," అన్నాడు అతను.

అప్పుడు ఏడ్చింది.